ప్రాథమిక పాఠశాల బోధనలోకి సాంకేతికతను తీసుకురావడం: ప్రిన్సిపాల్‌కు దశలవారీ మార్గదర్శి

పెరూ దేశంలోని గ్రామీణ ప్రాథమిక పాఠశాలల్లో పిల్లలకు తలా ఒక ల్యాప్‌టాప్ పంచిన పథకంపై ఇంటర్ అమెరికన్ అభివృద్ధి బ్యాంకు పరిశోధకులు 2012లో ఒక మూల్యాంకనం వెలువరించారు. 319 పాఠశాలల్లో జరిపిన ఆ పరిశీలనలో కంప్యూటర్ల వాడకం బాగా పెరిగినట్లు కనిపించింది గాని, గణితంలోనూ భాషలోనూ పిల్లల మార్కులు మెరుగుపడినట్లు ఆధారం దొరకలేదు. ఏ పాఠానికి ఏ సాఫ్ట్‌వేర్ ఉపకరిస్తుందన్న ముడి వేయకుండా యంత్రాలను ఇవ్వడం ఇందుకు ఒక కారణమై ఉండవచ్చని వారు భావించారు. దీనికి భిన్నంగా, ఢిల్లీలో 6 నుంచి 9 తరగతుల పిల్లలకు బడి వేళల తరువాత నడిపిన ఒక కార్యక్రమంపై 2019లో ప్రచురితమైన అధ్యయనంలో నాలుగున్నర నెలల్లోనే గణితం, హిందీ రెండింటిలోనూ స్పష్టమైన మెరుగుదల కనిపించింది. అక్కడ సాఫ్ట్‌వేర్ ప్రతి పిల్లవాడి స్థాయిని గుర్తించి దానికి తగిన ప్రశ్నలే ఇచ్చింది. పైగా 90 నిమిషాల తరగతిలో సగం సమయం మాత్రమే కంప్యూటర్ ముందు గడిచింది, మిగతా సగం చిన్న గుంపులో మనిషి చెప్పిన పాఠానికి దక్కింది.

రెండు చోట్లా యంత్రాలు పనిచేశాయి. ఒక చోట అవి పిల్లవాడి అసలు ఇబ్బందికి తగిలాయి, మరొక చోట తగలలేదు. ఈ మార్గదర్శిలోని దశలన్నీ ఆ తేడా చుట్టూ అల్లినవే కాబట్టి, పరికరాల కొనుగోలు మొదట్లో కాక మధ్యలో ఎక్కడో వస్తుంది.

మొదటి దశ: పాఠం ఎక్కడ ఆగుతోందో కనిపెట్టడం

ఏ పరికరం గురించీ మాట్లాడకముందు రెండు వారాలు తరగతి గదుల్లో కూర్చోండి. వెనుక బల్లపై నిశ్శబ్దంగా కూర్చుని, ఉపాధ్యాయుడు ఏం చెబుతున్నాడన్నదాని కంటే పిల్లలు ఎక్కడ తెల్లమొహం వేస్తున్నారో గమనించడం మీ పని. ఆ తరువాత ప్రతి ఉపాధ్యాయునీ ఒకే ప్రశ్న అడగండి: “ఈ ఏడాది మీరు రెండుసార్లు చెప్పినా పిల్లలకు ఎక్కని పాఠం ఏది?” ఏ టెక్నాలజీ కావాలని అడిగితే ఎవరో ఎక్కడో చూసిన వస్తువుల జాబితా వస్తుంది. ఏ పాఠం ఆగుతోందని అడిగితే బోధన గురించిన నిజమైన సమాచారం వస్తుంది.

అలా పోగుపడిన ఇబ్బందులను చూస్తే అవన్నీ ఒక రకానివి కావని తెలుస్తుంది. కొన్ని కంటికి చూపలేనివి: విత్తనం మొలకెత్తడం, చంద్రకళలు మారడం, గుండె కొట్టుకోవడం వంటి వాటిని బొమ్మ గీసి చెప్పడం కంటే కదిలే దృశ్యంగా చూపడం మేలు. కొన్ని అభ్యాసానికి సంబంధించినవి: కూడికలో స్థానమార్పిడి చేసేటప్పుడు తప్పు చేసిన పిల్లవాడికి ఆ తప్పు మరుసటి రోజు నోటుబుక్కు దిద్దినప్పుడు గాని తెలియదు, అప్పటికి అదే తప్పును పదిసార్లు చేసి అలవాటు చేసుకుని ఉంటాడు. వెంటనే సరిచూపే సాఫ్ట్‌వేర్ ఇక్కడ నిజంగా అక్కరకు వస్తుంది. కొన్ని వినికిడికీ ఉచ్చారణకూ సంబంధించినవి. ఇంకొన్ని, చూపు తక్కువగా ఉన్న లేదా చేతులు సరిగా పట్టు ఇవ్వని పిల్లలకు సంబంధించినవి. అక్షరాలను పెద్దవి చేసి చూపే సదుపాయం, పాఠాన్ని చదివి వినిపించే సదుపాయం చాలా టాబ్లెట్లలో ముందే అమర్చి ఉంటాయి, కాని వాటిని ఎవరూ తెరిచి చూడరు.

సాంకేతికత అక్కర లేని ఇబ్బందులను కూడా ఇక్కడే వేరు చేయాలి. మూడో తరగతిలో చాలామంది పిల్లలు 3 కన్నా 4 పెద్దది కాబట్టి మూడో వంతు కన్నా నాలుగో వంతే పెద్దదని అనుకుంటారు. ఈ పొరపాటును తొలగించడానికి తెరపై రంగురంగుల వృత్తాల కంటే ఒక కాగితపు పట్టీని పిల్లవాడు తన చేత్తో మడిచి చూడటమే నాకు తెలిసిన మంచి మార్గం. కాగితంతో భావం కుదిరాక, భిన్నాలను సంఖ్యారేఖపై జరిపి పోల్చే అభ్యాసానికి జియోజెబ్రా వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఉపయోగపడుతుంది. ఈ క్రమం తారుమారైతే పిల్లవాడు వేలితో జరపడం నేర్చుకుంటాడు గాని భిన్నాన్ని నేర్చుకోడు.

ఈ దశ ముగిసేసరికి మీ చేతిలో ఒకే ఒక కాగితం ఉండాలి. అందులో మూడు లేదా నాలుగు ఇబ్బందులు, ఒక్కొక్కటి ఏ తరగతిలో ఏ పాఠానిదో స్పష్టంగా రాసి ఉండాలి. “డిజిటల్ బోధనను ప్రోత్సహించడం” వంటి వాక్యం అందులో కనబడితే కొట్టివేయండి.

రెండో దశ: ఉన్నదాన్ని లెక్కపెట్టడం

కరెంటు, ఇంటర్నెట్, గది. ఈ మూడింటినీ అంచనాతో వదలకుండా అంకెల్లో తేల్చుకోవాలి. ఒక టాబ్లెట్ ఛార్జింగుకు సుమారు 10 నుంచి 15 వాట్లు కావాలి. 30 టాబ్లెట్లను ఒకేసారి పెడితే 300 నుంచి 450 వాట్ల భారం పడుతుంది. ఆ మాత్రం భారాన్ని సరైన వైరింగు తేలికగానే మోస్తుంది, కాని ఒకే ప్లగ్గు నుంచి గొలుసుకట్టుగా తగిలించిన ఎక్స్‌టెన్షన్ బాక్సులపై ఆ భారం మోపడం ప్రమాదకరం. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఛార్జింగుకు విడిగా ఒక లైను వేయించండి.

ఇంటర్నెట్ విషయంలో పొరపాటు అంచనాలు మరీ ఎక్కువ. ఒక మోస్తరు నాణ్యత గల వీడియో ఆగకుండా నడవడానికి సెకనుకు సుమారు 3 మెగాబిట్ల వేగం కావాలి. 30 మంది పిల్లలు ఎవరి తెరపై వారు అదే వీడియో చూస్తే 90 మెగాబిట్లు అవుతుంది. అదే వీడియోను ఒక ప్రొజెక్టర్‌పై అందరికీ కలిపి చూపితే 3 మెగాబిట్లతో సరిపోతుంది, ముందు రోజే దించి పెట్టుకుంటే తరగతి వేళ ఇంటర్నెట్ అవసరమే ఉండదు. పాఠం మధ్యలో తెరపై చక్రం తిరుగుతూ ఉండిపోయిన రెండు నిమిషాల్లో 30 మంది ఆరేళ్ల పిల్లల ధ్యాస ఏమవుతుందో తరగతి గదిలో నిలబడిన ఎవరికైనా తెలుసు. అందుకే తరగతిలో వాడేది ఏదైనా ఆఫ్‌లైన్‌లో నడవాలన్నది నియమంగా పెట్టుకోవడం మంచిది. ఇంటర్నెట్ నిలకడగా లేని చోట్ల కొలిబ్రీ వంటి ఉచిత వేదికను ఒక మామూలు కంప్యూటర్‌లో పెట్టుకుని, బయటి ఇంటర్నెట్ లేకుండానే గదిలోని టాబ్లెట్లన్నిటికీ పాఠాలు అందించవచ్చు.

ఇక గది. పట్టపగలు కిటికీల వెలుతురులో ప్రొజెక్టర్ బొమ్మ వెనుక వరుసకు కనబడుతుందో లేదో మీరే వెనుక బల్లపై కూర్చుని చూడండి. శబ్దం వెనుకదాకా చేరుతుందో లేదో కూడా అప్పుడే తెలుస్తుంది. చాలా గదులకు కావలసింది కొత్త ప్రొజెక్టర్ కాదు, ఒక మందపాటి కర్టెను, ఒక మంచి స్పీకరు.

మూడో దశ: ఇద్దరు ఉపాధ్యాయులతో మొదలుపెట్టడం

అన్ని తరగతుల్లో ఒకేసారి ప్రారంభించాలన్న ఉత్సాహాన్ని ఆపుకోవడం ప్రిన్సిపాల్‌కు కష్టమైన పని, ముఖ్యంగా పైనుంచి ఒత్తిడి ఉన్నప్పుడు. అయినా ఆపుకోవాలి. స్వయంగా ముందుకు వచ్చిన ఇద్దరు ఉపాధ్యాయులను ఎంచుకోండి. ఆ ఇద్దరిలో ఒకరైనా ఫోను, కంప్యూటర్ అంతగా రానివారై ఉంటే మంచిది. కంప్యూటర్ బాగా వచ్చిన ఉపాధ్యాయుడు విజయం సాధిస్తే “ఆయనకేం, వచ్చు” అని మిగతావారు అనుకుంటారు. అంతగా రాని ఉపాధ్యాయురాలు సాధిస్తే “ఆమె చేసిందంటే మనమూ చేయగలం” అనుకుంటారు.

పుణ్య మిశ్రా, మాథ్యూ కోలర్ అనే విద్యావేత్తలు 2006లో ప్రతిపాదించిన ఒక చట్రం ఇక్కడ పనికివస్తుంది. ఉపాధ్యాయుడికి విషయం తెలియడం, దాన్ని బోధించడం తెలియడం, సాంకేతికత తెలియడం అనే మూడూ వేరువేరుగా ఉంటే చాలదని, అవి కలిసే చోట పుట్టే జ్ఞానమే తరగతిలో పనిచేస్తుందని దాని సారాంశం. మనం సాధారణంగా పెట్టే ఒక రోజు శిక్షణలో ఏ బటన్ ఎక్కడ ఉందో మాత్రమే చెబుతారు. మూడింటిలో అతి తేలికైన భాగం అది, నెల తిరిగేసరికి మరిచిపోయే భాగం కూడా అదే. దానికి బదులు వారానికి ఒక గంట ఆ ఇద్దరూ మీతో కూర్చుని, వచ్చే వారం చెప్పబోయే ఒకే ఒక పాఠాన్ని తయారు చేసుకోవాలి. ఆ పాఠంలో పిల్లలు ఎక్కడ తడబడతారు, అక్కడ తెర ఏం చూపాలి, చూపాక ఏ ప్రశ్న అడగాలి అన్న మూడు సంగతులు తేలితే ఆ గంట సార్థకమైనట్లే.

ఆ గంట ఎక్కడి నుంచి వస్తుంది? ఈ ప్రశ్నకు ప్రిన్సిపాల్ ఒక్కరే జవాబు చెప్పగలరు. ఉపాధ్యాయుల సొంత సమయంలోంచి తీసుకుంటే మూడో వారానికి హాజరు తగ్గుతుంది. టైమ్ టేబుల్‌లో ఆ గంటను రాసిపెట్టి, ఆ సమయంలో వారి తరగతులకు మీరో మరొకరో వెళ్లి, వారి మీదున్న ఏదో ఒక రిజిస్టరు పనిని తగ్గించండి. కొత్త పనిని పాత పనుల పైన పేర్చుకుంటూ పోయిన పాఠశాలల్లో టాబ్లెట్లు బీరువాలోనే ఉండిపోతాయి.

మరొక మాట. ఈ విడతలో కనీసం ఒక పాఠాన్ని మీరే తరగతిలో చెప్పండి, దాన్ని ఆ ఇద్దరూ వెనుక కూర్చుని చూడాలి. ప్రొజెక్టర్ వెలగక, పిల్లల ముందు మీరు తడుముకుని, చివరకు బోర్డుపై సుద్దముక్కతో పాఠం ముగించారంటే అది అవమానం కాదు. యంత్రం మొరాయిస్తే పాఠం ఆగనక్కరలేదని వారికి చూపిన పాఠం అదే అవుతుంది. ఈ అలవాటును నియమంగా మార్చండి: సాంకేతికతతో చెప్పే ప్రతి పాఠానికీ అది లేకుండా చెప్పే మార్గం ఒకటి పథకంలో రాసి ఉండాలి.

నాలుగో దశ: పీరియడ్‌లో తెరకు చోటు నిర్ణయించడం

40 నిమిషాల పీరియడ్‌లో తెర ముందు గడిచేది 10 నుంచి 15 నిమిషాలు దాటకపోతే మంచిదని నా అభిప్రాయం. తెరకు ముందు ఒక ప్రశ్న, తెర తరువాత ఒక పని ఉండాలి. ఉదాహరణకు నీటి చక్రం పాఠంలో, “ఆరవేసిన బట్టల్లోని నీరు ఎక్కడికి పోయింది?” అని అడిగి, పిల్లలు చెప్పిన ఊహలన్నీ బోర్డుపై రాసి, అప్పుడు మూడు నిమిషాల దృశ్యం చూపి, మధ్యలో ఒకసారి ఆపి, తరువాత ఏం జరుగుతుందో ఊహించమని, ముగిశాక బోర్డుపై ఉన్న ఊహల్లో ఏవి నిలిచాయో పిల్లల చేతనే కొట్టివేయించాలి. ఆపకుండా చూపిన పది నిమిషాల వీడియో కంటే రెండుసార్లు ఆపి ప్రశ్నించిన మూడు నిమిషాల వీడియో ఎక్కువ నేర్పుతుంది.

టాబ్లెట్లు పంచేటప్పుడు ఇద్దరికి ఒకటి ఇవ్వడం డబ్బు లేక చేసే సర్దుబాటుగా కనబడుతుంది గాని, ఆ వయసు పిల్లలకు అది మేలైన ఏర్పాటు. ఒకరు తాకుతుంటే మరొకరు ఎందుకలా చేయాలో చెప్పాలి, మూడు నిమిషాలకొకసారి పాత్రలు మారాలి. అలా మాటల్లో పెట్టేటప్పుడే పిల్లవాడి అవగాహన ఉపాధ్యాయుడి చెవిన పడుతుంది. ఉపాధ్యాయుడు మాట్లాడదలచినప్పుడు టాబ్లెట్లన్నీ బోర్లా పెట్టించాలి. ఈ చిన్న అలవాటుకు మొదటి వారంలో కొంత సమయం పోయినా, ఏడాదంతా ఫలితం ఇస్తుంది.

వయసును బట్టి తేడా తప్పదు. 1, 2 తరగతుల్లో అక్షరాలు నేర్పడానికి కీబోర్డును ఆధారం చేసుకోకండి. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలపై ఫ్రాన్స్‌లో జరిగి 2005లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, టైపు చేసి నేర్చుకున్న వారి కంటే చేత్తో రాసి నేర్చుకున్న వారిలో పెద్ద పిల్లలు అక్షరాలను మెరుగ్గా గుర్తుపట్టారు. గుణింతాలూ ఒత్తులూ ఉన్న మన లిపిలో చేతిరాత విలువ మరింత ఎక్కువేనని నేను అనుకుంటాను. ఈ చిన్న తరగతుల్లో సాంకేతికత బాగా పనికివచ్చే చోటు శబ్దం: కథ వినడం, తన గొంతును రికార్డు చేసుకుని తానే వినడం. పిల్లవాడు ఒక నిమిషం చదివినదాన్ని ఏ పాత ఫోనులోనైనా రికార్డు చేసి, తప్పు లేకుండా చదివిన పదాలను లెక్కించి, రెండు నెలల తరువాత మళ్లీ అలాగే చేయండి. రెండు రికార్డులను పక్కపక్కన వినిపించినప్పుడు పిల్లవాడికీ తల్లిదండ్రులకూ కలిగే సంతోషాన్ని ఏ ప్రగతి పత్రమూ కలిగించలేదు.

3 నుంచి 5 తరగతులకు వచ్చేసరికి చూడటం నుంచి తయారు చేయడం వైపు మళ్లాలి. 1967లో సేమూర్ పాపర్ట్, ఆయన సహచరులు రూపొందించిన లోగో అనే ప్రోగ్రామింగ్ భాషలో పిల్లలు ఒక తాబేలు బొమ్మకు ఆజ్ఞలిచ్చి బొమ్మలు గీయించేవారు. ఆ ఆలోచనకు వారసురాలైన స్క్రాచ్ 2007 నుంచి ఉచితంగా అందుబాటులో ఉంది, దాన్ని 8 ఏళ్లు దాటిన వారి కోసం రూపొందించారు. ఇంకా చదవడం రాని 5 నుంచి 7 ఏళ్ల వారికి స్క్రాచ్ జూనియర్ ఉంది. చతురస్రం గీయమని ఆజ్ఞలు రాసే పిల్లవాడు నాలుగు మూలల్లోనూ 90 డిగ్రీలు తిప్పాలని తానే కనుక్కుంటే, కోణాల పాఠం సగం పూర్తయినట్లే.

ఐదో దశ: యాప్‌లను వడగట్టడం, పిల్లల వివరాలను కాపాడటం

ఎంచుకున్న ప్రతి యాప్‌నూ ముందు మీరూ ఉపాధ్యాయుడూ పిల్లవాడిలా కనీసం 20 నిమిషాలు వాడి చూడాలి. కావాలని తప్పు జవాబులు ఇవ్వండి. తప్పు జవాబుకు అది “మళ్లీ ప్రయత్నించు” అని మాత్రమే అంటుందా, ఎక్కడ తప్పిందో చూపుతుందా? నాలుగు ఎంపికలనూ వరుసగా నొక్కుకుంటూ పోయినా చప్పట్లు కొట్టి నక్షత్రాలిచ్చే యాప్ పిల్లలకు నొక్కడమే నేర్పుతుంది. ప్రకటనలు వచ్చే యాప్‌ను ఉచితమైనా సరే పక్కన పెట్టండి. తెలుగులో ఉందని చెప్పుకునే యాప్‌లో ఒత్తులు విడిపోయి కనబడుతున్నాయేమో, చదివి వినిపించే గొంతు పదాలను సరిగా పలుకుతోందో లేదో పరీక్షించడం మరవకండి. తప్పు రూపం ఒకసారి కంటికి అలవాటైతే దాన్ని మాన్పించడానికి చాలా కాలం పడుతుంది.

వివరాల భద్రతలో ఒకే సూత్రం పాటిస్తే చాలావరకు నిశ్చింత: అవసరం లేని వివరం అసలు ఇవ్వకూడదు. పిల్లల పూర్తి పేరు, పుట్టిన తేదీ, ఫొటో అడిగే యాప్‌లకు బదులు “3వ తరగతి, 12వ నంబరు” వంటి గుర్తుతో నడిచేవి ఎంచుకోండి. అమెరికాలో 1998 నాటి చట్టం ప్రకారం 13 ఏళ్లలోపు పిల్లల వివరాలను ఆన్‌లైన్‌లో సేకరించడానికి తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరి, అనేక ఇతర దేశాల్లోనూ ఇటువంటి నియమాలున్నాయి. మీ చోట వర్తించే నియమాన్ని తెలుసుకుని, తల్లిదండ్రుల నుంచి రాతపూర్వక సమ్మతి తీసుకోండి. తరగతిలో తీసిన పిల్లల వీడియోలు ఉపాధ్యాయుల సొంత ఫోన్లలో ఉండకూడదన్న నిబంధనను మొదటి రోజే చెప్పాలి.

ఆరో దశ: తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది

ఇది చిన్న ప్రశ్నలా కనబడుతుంది, కాని కార్యక్రమం నిలవడం, పడిపోవడం తరచుగా దీనిపైనే ఆధారపడి ఉంటుంది. టాబ్లెట్లు పోతే జీతంలో కోత పడుతుందని భయపడే ఉపాధ్యాయుడు వాటిని బయటికే తీయడు. మామూలు వాడకంలో జరిగే నష్టానికి ఉపాధ్యాయులు బాధ్యులు కారని రాతలో ఇవ్వండి. ప్రతి పరికరానికీ ఒక అంకె అంటించి, అదే అంకె గల జంటకే రోజూ ఇస్తే గీతలు, పగుళ్లు ఎప్పుడు పడ్డాయో దానంతట అదే తెలుస్తుంది. ఛార్జింగు పెట్టడం ఒకరి పనిగా పేరుతో సహా టైమ్ టేబుల్‌లో ఉండాలి. దీర్ఘ సెలవులకు ముందు బ్యాటరీలను పూర్తిగా నింపడమో పూర్తిగా ఖాళీ చేయడమో కాక, సుమారు సగం ఛార్జింగుతో ఆఫ్ చేసి చల్లని చోట ఉంచితే ఎక్కువ కాలం మన్నుతాయి. బడ్జెట్ వేసేటప్పుడు కొనుగోలు ధరతో ఆగకుండా మరమ్మతులు, ఇంటర్నెట్, సాఫ్ట్‌వేర్ చందాలు, నాలుగైదేళ్ల తరువాత కొత్తవి కొనవలసిన ఖర్చు కూడా లెక్కలోకి తీసుకోండి.

ఏడో దశ: తల్లిదండ్రులతో మాట్లాడటం

తల్లిదండ్రుల్లో కొందరు బడిలో కంప్యూటర్లు రావాలని పట్టుబడతారు, కొందరు ఇంట్లో ఫోను మాన్పించలేక సతమతమవుతుంటే బడి కూడా తెర చూపడమేమిటని కోప్పడతారు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. సమావేశంలో ఉపన్యాసానికి బదులు, పిల్లలు చేసే పాఠాన్నే 15 నిమిషాలు తల్లిదండ్రుల చేత చేయించండి. వారానికి మొత్తం ఎన్ని నిమిషాలు తెర ముందు గడుస్తుందో అంకెతో చెప్పండి. ఇంట్లో పరికరం లేని పిల్లలు వెనకబడకుండా, తెరపై చేయవలసిన ఇంటిపని ఇవ్వబోమని కూడా స్పష్టంగా ప్రకటించండి. ఆటస్థలం సమయాన్ని దీనికోసం తగ్గించడం లేదని చెప్పడం, నిజంగా తగ్గించకుండా ఉండటం రెండూ అవసరమే. ఆరుబయట ఎక్కువసేపు గడిపే పిల్లలకు హ్రస్వదృష్టి వచ్చే అవకాశం తక్కువని పరిశోధనలు చెబుతున్నాయి.

ఎనిమిదో దశ: కొలవడం, కొన్నిటిని ఆపివేయడం

మొదటి దశలో రాసుకున్న కాగితాన్ని ఇప్పుడు మళ్లీ తీయండి. అందులోని ఒక్కొక్క ఇబ్బందికీ, ప్రారంభానికి ముందే పది ప్రశ్నల చిన్న పరీక్ష పెట్టి ఉండాలి, అదే స్థాయి ప్రశ్నలతో మూడు నెలల తరువాత మరొకటి పెట్టండి. వీలైతే అదే పాఠాన్ని సాంకేతికత లేకుండా చెప్పిన మరో సెక్షన్‌తో పోల్చండి. 30 మంది పిల్లల మార్కులతో శాస్త్రీయ నిర్ధారణ సాధ్యం కాదు, కాని అసలు తేడా లేని చోట అది కనబడుతుంది. లాగిన్‌ల సంఖ్య, వాడిన గంటలు వంటి లెక్కలు అమ్మకందారులు అందంగా గీసి ఇస్తారు. అవి యంత్రం వాడకాన్ని కొలుస్తాయి, అంతకు మించి ఏమీ చెప్పవు.

పరీక్షతో పాటు పిల్లలనూ అడగాలి. “ఈ పాఠంలో నీకు ఏం తెలిసింది?” అన్నప్పుడు పాఠం గురించి చెబితే ఒక సంగతి, కుందేలు ఎగిరి దూకిన బొమ్మ గురించి చెబితే వేరే సంగతి.

మూడు నెలలకు ఫలితం చూపని పాఠాన్ని మరొక్కసారి సరిదిద్ది ప్రయత్నించి, అప్పటికీ కుదరకపోతే సుద్దముక్కకూ కాగితానికీ తిరిగి అప్పగించండి. ఫలితం చూపిన పాఠాలను ఆ ఇద్దరు ఉపాధ్యాయులే తమ పక్క తరగతి వారికి నేర్పాలి, అదీ ఒకరికి ఒకరు చొప్పున, పక్కన కూర్చుని. ఆ నలుగురికీ టైమ్ టేబుల్‌లో ఆ గంట దొరికాకే తరువాతి విడత పరికరాలకు ఆర్డరు పెట్టండి.